గీతకూ గణనకూ వారధి – రెనే డెకార్ట్

మానవజాతి ఆర్జించుకొన్న విద్యలలో గణితం మిక్కిలి ప్రాచీనమైనది. పొలాల హద్దులను కొలవడానికి, వేదికలనూ కట్టడాలనూ నిర్మించడానికి రేఖాగణితం తోడ్పడింది. తెలియని రాశిని తెలిసిన రాశుల సాయంతో సాధించడానికి బీజగణితం వెలసింది. మొదటిది కంటికి కనిపించే ఆకృతులకు సంబంధించిన శాస్త్రం. రెండవది మనస్సుకు మాత్రమే గోచరించే సంఖ్యలకు సంబంధించిన శాస్త్రం. ఒకే కొండసీమలో పుట్టి వేర్వేరు దారులలో సాగిన తుంగా భద్రా నదులు కూడలి వద్ద ఏకమై, తుంగభద్రగా కర్నూలు జిల్లా పడమటి సీమకు చేరుతున్నాయి. ఒకే మానవమేధస్సులో పుట్టిన ఈ రెండు గణితశాఖలు కూడా చిరకాలం దాదాపు వేరువేరుగానే ప్రవహించాయి. వాటి సంగమానికి కారకులైన మహనీయులలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన రెనే డెకార్ట్. నేడు తొమ్మిదవ తరగతి విద్యార్థి గళ్ళ కాగితంపై ఒక రేఖీయ సమీకరణానికి సరళరేఖను గీస్తున్నాడంటే, ఆ గీత వెనుక ఈ మేధావి తపస్సు ఉన్నది.

సమీకరణాలను సాధించడంలో మన పూర్వులు ఎవరికీ తీసిపోలేదు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో అజ్ఞాత రాశులతో కూడిన సమీకరణాలను విపులంగా చర్చించాడు. 1150లో బీజగణితాన్ని రచించిన భాస్కరాచార్యుడు అజ్ఞాత రాశులను యావత్తావత్, కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని వ్యవహరించాడు. తెలియని ఒక్కొక్క రాశికి ఒక్కొక్క రంగు పేరు పెట్టడం ఎంతో అందమైన ఊహ. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదవ శతాబ్దంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చి, శాస్త్రగ్రంథ రచనకు తెలుగు భాష తగినదని నిరూపించాడు. అయినను, రెండు అజ్ఞాత రాశుల మధ్యగల సంబంధాన్ని ఒక తలం మీద గీతగా చూపే సాధారణ పద్ధతి ఆ గ్రంథాలలో కానరాదు. ఆ పద్ధతికి పదిహేడవ శతాబ్దపు ఐరోపా జన్మస్థానమైనది.

డెకార్ట్ 1596 మార్చి 31వ తేదీన ఫ్రాన్సులోని తురేన్ ప్రాంతంలో లా హే అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జొవాకిమ్ బ్రిటనీ ప్రాంత న్యాయసభలో సభ్యుడు. తల్లి జాన్ బ్రోషార్. రెనేకు ఏడాది నిండిన కొద్ది రోజులకే మరొక ప్రసవానంతరం ఆమె కన్నుమూసింది. ఉద్యోగరీత్యా తండ్రి దూరంగా ఉండడం వలన బాలుని పెంపకం అమ్మమ్మ చేతులలో సాగింది. పసితనం నుండి అతనిది బలహీనమైన శరీరం. పొడిదగ్గు, పాలిపోయిన ముఖం చూచి, ఈ బాలుడు ఎక్కువకాలం బ్రతకడని వైద్యులు భావించారు. ఆ నిరాశాజనకమైన అంచనాను దాటి ఆ బాలుడు బ్రతికాడు. అతని జన్మస్థలం నేడు అతని పేరుతోనే, డెకార్ట్ అని పిలువబడుతున్నది.

సుమారు పదేండ్ల వయస్సులో అతడు లా ఫ్లేష్ పట్టణంలోని జెసూట్ పాఠశాలలో చేరాడు. నాలుగవ హెన్రీ రాజు ఆదరణతో స్థాపించబడిన ఆ విద్యాలయం నాటి ఐరోపాలో పేరెన్నికగన్నది. బాలుని అనారోగ్యాన్ని గుర్తించిన గురువులు అతడు ఉదయం ఆలస్యంగా నిద్ర లేవడానికి అనుమతించారు. పడకమీదనే మేలుకొని గంటల తరబడి ఆలోచించుకొనే ఈ అలవాటు అతనికి జీవితాంతం నిలిచింది. లాటిన్, గ్రీకు భాషలు, తర్కం, తత్త్వశాస్త్రం, గణితం అన్నీ అభ్యసించాడు. తత్త్వశాస్త్రంలో పండితులు ఒకరినొకరు ఖండించుకోవడమే తప్ప నిర్వివాదమైన విషయం ఒక్కటీ అతనికి కనిపించలేదు. గణితంలో మాత్రం ఒకసారి నిరూపించిన సత్యం ఎన్నటికీ సత్యంగానే నిలుస్తుంది. అంతటి దృఢమైన పునాదిపై ఇంతవరకు గొప్ప భవనాన్ని ఎవరూ ఎందుకు నిర్మించలేదని అతడు ఆశ్చర్యపడ్డాడు. ఈ ఆశ్చర్యమే అతని భావి జీవితానికి దారి చూపింది.

తండ్రి కోరిక మేరకు 1616లో పువాటియే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టం పొందినా, ఆ వృత్తిలో ప్రవేశించలేదు. పుస్తకాలనుండి నేర్చినది చాలునని, ఇక ప్రపంచమనే మహాగ్రంథాన్ని చదువవలెనని నిశ్చయించుకొన్నాడు. 1618లో హాలండు దేశానికి వెళ్ళి నాసావ్ రాకుమారుడైన మారిస్ సైన్యంలో చేరాడు. ఆ ఏడాది నవంబరులో బ్రెడా నగరంలో ఐజాక్ బేక్‌మన్ అనే విద్వాంసునితో అతనికి పరిచయం కలిగింది. ప్రకృతిలోని విషయాలకు గణితాన్ని అన్వయించాలనే ఉత్సాహం ఈ స్నేహం వలన అతనిలో రగుల్కొన్నది. మరుసటి ఏడాది, 1619 నవంబరు 10వ తేదీ రాత్రి, దక్షిణ జర్మనీలో చలికాలపు విడిదిలో ఉండగా అతనికి వరుసగా మూడు కలలు వచ్చాయి. విద్యలన్నింటినీ ఒకే పద్ధతితో అనుసంధించడమే తన జీవితధర్మమని ఆ కలలు తెలిపినట్లు అతడు భావించాడు. అప్పటికి అతని వయస్సు ఇరువది మూడేండ్లు.

తరువాత కొన్నేండ్లు దేశాటనంలోను, ప్యారిస్‌లోను గడిపి, 1628 చివరలో హాలండులో స్థిరపడ్డాడు. అక్కడ సుమారు ఇరువది సంవత్సరాలు నివసించాడు. ఏకాంతం కోరి తరచు ఊళ్ళు, ఇళ్ళు మారుస్తుండేవాడు. ప్రకృతిని సమగ్రంగా వివరించే ఒక గ్రంథాన్ని రచించి ప్రచురణకు సిద్ధం చేస్తుండగా, 1633లో ఒక వార్త అతనిని కలవరపరిచింది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని సమర్థించినందుకు గెలీలియోను రోములోని మతన్యాయస్థానం దోషిగా ప్రకటించింది. డెకార్ట్ గ్రంథంలోనూ అదే సిద్ధాంతం ఉన్నది. దానిని తొలగిస్తే గ్రంథం నిలువదు. ఉంచితే ప్రమాదం తప్పదు. చివరకు ఆయన ప్రచురణను విరమించుకొన్నాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1664లో గాని వెలుగు చూడలేదు. ఆయన వెనుకంజను కొందరు పిరికితనమన్నారు, కొందరు వివేకమన్నారు. ఆలోచించడం కూడా అపాయకరమైన కాలంలో ఆయన జీవించాడన్నది మాత్రం మనం గుర్తుంచుకోదగిన సత్యం.

1637లో లైడెన్ నగరంలో ఆయన తొలి గ్రంథం వెలువడింది. దానిపై రచయిత పేరు లేదు. పండితభాషయైన లాటిన్‌లో గాక, సామాన్యులు సైతం చదువుకొనగలిగే ఫ్రెంచి భాషలో ఆయన దానిని రచించాడు. సత్యాన్వేషణ పద్ధతిని వివరించే ఆ గ్రంథంలో నాలుగు నియమాలు ప్రసిద్ధమైనవి. స్పష్టంగా తెలిసినదానినే సత్యంగా స్వీకరించాలి. కఠినమైన సమస్యను చిన్న చిన్న భాగాలుగా విభజించాలి. సులభమైన దానితో ప్రారంభించి క్రమంగా క్లిష్టమైన దానికి చేరుకోవాలి. చివరకు ఏదీ విడిచిపెట్టలేదని సరిచూసుకోవాలి. ఈ పద్ధతికి ఉదాహరణలుగా కాంతిశాస్త్రం, వాతావరణ విషయాలు, రేఖాగణితం అనే మూడు వ్యాసాలను దానికి జతచేశాడు. వీటిలో చివరిదైన రేఖాగణిత వ్యాసం గణిత చరిత్ర గతిని మార్చింది.

అంతకుముందు గణితవేత్తలకు ఒక చిక్కు ఉండేది. రెండు పొడవులను గుణిస్తే వైశాల్యం, మూడింటిని గుణిస్తే ఘనపరిమాణం వస్తాయని వారు భావించేవారు. మరి నాలుగు పొడవులను గుణిస్తే వచ్చేదేమిటి? దానికి లోకంలో ఆకృతి లేదు గదా! డెకార్ట్ ఈ సంకెలను తెంచాడు. ఒక పొడవును ఒకటి అనే ప్రమాణంగా స్వీకరిస్తే, సరూప త్రిభుజాల సాయంతో రెండు పొడవుల లబ్ధాన్ని కూడా ఒక పొడవుగానే చూపవచ్చునని ఆయన నిరూపించాడు. ఆ విధంగా సంఖ్యలపై చేసే ప్రక్రియలన్నీ గీతలపై కూడా చేయదగినవైనాయి. తెలిసిన రాశులకు ఆంగ్ల వర్ణమాలలోని ఏ, బీ, సీ వంటి తొలి అక్షరాలను, తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ అనే చివరి అక్షరాలను వాడే సంప్రదాయం ఆయన చేతిలోనే స్థిరపడింది. ఘాతాంకాన్ని అక్షరం పైభాగాన చిన్న అంకెగా రాసే పద్ధతి కూడా ఆయన వలననే వ్యాప్తిలోకి వచ్చింది.

ఆయన ప్రధాన భావన సరళమైనది. తలంలోని ఒక బిందువు స్థానాన్ని రెండు కొలతలతో తెలుపవచ్చును. ఆ బిందువు ఒక వక్రం వెంట కదులుతుంటే ఆ రెండు కొలతలు మారుతుంటాయి. కాని వాటి మధ్యగల సంబంధం మాత్రం మారదు. ఆ మారని సంబంధమే సమీకరణం. కనుక ప్రతి సమీకరణానికి ఒక ఆకృతి, ఆకృతికి తగిన ఒక సమీకరణం ఉంటాయి. సమీకరణంలోని ఘాతాన్ని బట్టి వక్రాలను తరగతులుగా విభజింపవచ్చును.

ఈ భావన మన ప్రాంతపు విద్యార్థికి కొత్తగా తోచనక్కరలేదు. ఎమ్మిగనూరు మగ్గంమీద పడుగు పోగులు నిడుపుగా, పేక పోగులు అడ్డంగా సాగుతాయి. ఎన్నవ పడుగు పోగు, ఎన్నవ పేక పోగు కలిసేచోట పువ్వు పూయాలో నేతగానికి తెలుసు. రెండు సంఖ్యలు చెబితే చాలు, వస్త్రంపై ఒక్క చోటు మాత్రమే నిర్దేశింపబడుతుంది. నిరూపక తలం అటువంటి వస్త్రమే. అడ్డముగా గీసినది ఎక్స్ అక్షం, నిలువుగా గీసినది వై అక్షం, అవి రెండూ ఖండించుకొనే చోటు మూలబిందువు.

మరొక ఉదాహరణను గమనిద్దాం. కౌతాళం ప్రాంతపు రైతు ఒకడు తన పత్తిని ఆదోని మార్కెట్ యార్డుకు తరలింపదలచాడని అనుకొందాం. ఒక బండి యజమాని రాకపోకలకు 200 రూపాయలు, ఆపైన క్వింటాలుకు 50 రూపాయల చొప్పున అడిగాడు. రెండవ యజమాని విడిగా ఏమీ అడుగక, క్వింటాలుకు 75 రూపాయల చొప్పున కోరాడు. క్వింటాళ్ళ సంఖ్యను ఎక్స్ అని, మొత్తం ఖర్చును వై అని అనుకొంటే, మొదటి బేరంలో వై విలువ ఎక్స్‌కు యాభై రెట్లకు 200 కలిపినంత. రెండవ బేరంలో అది ఎక్స్‌కు డెబ్బదియైదు రెట్లు. మొదటి బేరానికి 2 క్వింటాళ్ళకు 300, 4 క్వింటాళ్ళకు 400, 6 క్వింటాళ్ళకు 500 రూపాయలవుతాయి. ఈ బిందువులను గళ్ళ కాగితంపై గుర్తించి కలిపితే అవన్నీ ఒకే సరళరేఖపై నిలుస్తాయి. ఆ రేఖ వై అక్షంపై 200 వద్ద మొదలవుతుంది. రెండవ రేఖ మూలబిందువు వద్దనే మొదలవుతుంది గాని, దాని వాలు అధికమగుటచే త్వరగా పైకి లేస్తుంది. 8 క్వింటాళ్ళ వద్ద, 600 రూపాయల ఎత్తున రెండు రేఖలు ఖండించుకొంటాయి. అంటే 8 క్వింటాళ్ళకు తక్కువైతే రెండవ బండి, ఎక్కువైతే మొదటి బండి లాభదాయకమని ఆ చిత్రమే చెబుతుంది. రెండు రేఖీయ సమీకరణాల సాధన రెండు సరళరేఖల ఖండన బిందువుగా కంటికి కనబడడమే ఈ పద్ధతిలోని గొప్పదనం.

ఈ కీర్తి అంతా డెకార్ట్ ఒక్కనిదే అనడం న్యాయం కాదు. తులూజ్ నగరంలో న్యాయాధికారిగా పనిచేస్తూ తీరిక వేళలలో గణితాన్ని సాధన చేసిన పియర్ ద ఫెర్మా కూడా దాదాపు అదే కాలంలో స్వతంత్రంగా ఈ పద్ధతిని కనుగొన్నాడు. రెండు అజ్ఞాత రాశులుగల ప్రథమ ఘాత సమీకరణం సరళరేఖను సూచిస్తుందని ఆయన స్పష్టంగా పేర్కొన్నాడు. కాని ఆయన రచన చేతిరాత ప్రతులుగానే సంచరించి, మరణానంతరం 1679లో అచ్చయింది. ఇద్దరు మేధావుల మధ్య తీవ్రమైన వాదప్రతివాదాలు జరిగాయి. డెకార్ట్ తన సమకాలికుల ప్రతిభను అంగీకరించడంలో ఉదారుడు కాడని చెప్పక తప్పదు. నేడు మనం గీసే లంబాక్షాల చిత్రం కూడా ఆయన గ్రంథంలో యథాతథంగా లేదు. ఆయన ఒక గీతను ఆధారంగా గ్రహించి, దానినుండి కొలతలు తీసుకొన్నాడు. రుణాత్మక నిరూపకాలను తరువాతివారు ప్రవేశపెట్టారు. వాన్ స్కూటెన్ 1649లో ఆ వ్యాసాన్ని లాటిన్‌లోకి అనువదించి, ఆపై వివరణలతో విస్తరించాడు. వాలిస్, న్యూటన్, లైబ్నిజ్ వంటివారు ఆ మార్గాన్ని రాజమార్గంగా మలిచారు. పడకమీద ఉన్న డెకార్ట్ పైకప్పుపై పాకే ఈగను చూచి నిరూపకాలను ఊహించాడన్న కథ లోకంలో వాడుకలో ఉన్నా, దానికి ఆధారం లేదు.

గణితంలో పొందిన నిశ్చయాన్ని ఆయన తత్త్వశాస్త్రంలోనూ కోరాడు. 1641లో వెలువడిన గ్రంథంలో, సందేహింపదగిన ప్రతి విషయాన్నీ సందేహించి చూచాడు. ఇంద్రియాలు మోసగింపవచ్చును, కల నిజమని తోచవచ్చును. కాని సందేహించే తానొకడున్నాడన్న సంగతిని మాత్రం సందేహింపజాలమని తేల్చాడు. ఆ పునాదిపైననే తన తత్త్వాన్ని నిర్మించాడు. సంప్రదాయవాదులు ఆయనను నాస్తికుడని నిందించారు. 1642లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం ఆయన తత్త్వాన్ని తిరస్కరించింది. మరొకవైపు బొహీమియా రాకుమారి ఎలిజబెత్ వంటి మేధావినులు ఆయనతో లేఖల ద్వారా లోతైన చర్చలు జరిపారు. మనస్సు, దేహం వేరైనపుడు ఒకటి మరొకదానిని ఎట్లు కదిలించునని ఆమె వేసిన ప్రశ్న నేటికీ తత్త్వవేత్తలను ఆలోచింపజేస్తున్నది. 1644లో వెలువడిన తన గ్రంథాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు.

డెకార్ట్ వివాహం చేసుకోలేదు. హెలీనా అనే డచ్ వనిత వలన 1635లో ఆయనకు ఫ్రాన్సీన్ అనే కుమార్తె కలిగింది. ఆ చిన్నారిని చదువు కోసం ఫ్రాన్సుకు పంపాలని ఆయన తలచినట్లు తొలి జీవితచరిత్రకారులలో ఒకడైన బైయే రాశాడు. కాని 1640 సెప్టెంబరులో, ఐదేండ్ల ప్రాయంలో, స్కార్లెట్ జ్వరంతో ఆ బాలిక మరణించింది. కొద్ది కాలానికే తండ్రి కూడా గతించాడు. ఏ విషయాన్నైనా నిర్వికారంగా పరిశీలించే ఆ తత్త్వవేత్త ఈ దుఃఖానికి చలించిపోయాడు. కన్నీరు పురుషులకు తగదన్న అభిప్రాయాన్ని తాను అంగీకరింపనని, ఆప్తుని కోల్పోయిన ఒక మిత్రునికి రాసిన లేఖలో తెలిపాడు. తల్లి ముఖమే ఎరుగని ఆయనకు సంతానభాగ్యం కూడా నిలువలేదు.

1649లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఆయనను తన ఆస్థానానికి ఆహ్వానించింది. ఎంతో సంకోచించిన పిదప ఆయన బయలుదేరి అక్టోబరులో స్టాక్‌హోం చేరాడు. ఇరువది రెండేండ్ల ఆ రాణికి జ్ఞానతృష్ణ మెండు; తీరిక తక్కువ. తెల్లవారుజామున ఐదు గంటలకు తనకు తత్త్వపాఠం చెప్పవలసిందిగా ఆమె కోరింది. జీవితమంతా ఉదయం ఆలస్యంగా లేచిన ఆ బలహీనుడు గడ్డకట్టే చలిలో చీకటి ఉండగనే రాజభవనానికి వెళ్ళవలసి వచ్చింది. అదే సమయంలో తనకు ఆతిథ్యమిచ్చిన ఫ్రెంచి రాయబారి షానూ జబ్బుపడగా ఆయనకు సేవలు చేశాడు. మిత్రుడు కోలుకొన్నాడు గాని, డెకార్ట్ ఊపిరితిత్తుల వ్యాధికి గురై 1650 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబది మూడేండ్ల వయస్సులో పరదేశంలో తనువు చాలించాడు. పదహారేండ్ల తరువాత ఆయన అస్థికలు స్వదేశానికి బయలుదేరాయి. నేడవి ప్యారిస్‌లోని సాన్ జెర్మాన్ దే ప్రే చర్చిలో ఉన్నాయి. 1663లో ఆయన గ్రంథాలు రోము మతపీఠం నిషేధించిన పుస్తకాల పట్టికలో చేరినా, ఆయన భావాల వ్యాప్తిని ఎవరూ ఆపలేకపోయారు.

డెకార్ట్ చెప్పినవన్నీ నిలువలేదు. గ్రహాలు ఒక సూక్ష్మద్రవ్యపు సుడులలో చిక్కి తిరుగుతున్నాయన్న ఆయన సిద్ధాంతాన్ని 1687లో న్యూటన్ తన గ్రంథంలో ఖండించాడు. జంతువులు యంత్రాల వంటివన్న ఆయన వాదాన్ని నేటి శాస్త్రం అంగీకరింపదు. కాని ఆయన గణితాన్ని చదివి ఎదిగినవారిలో ఆ న్యూటనే ఒకడు. శిష్యుడు తన్ను దాటిపోవడానికి సైతం ఉపకరించే విద్యను అందించినవాడే నిజమైన గురువు.

నేడు వర్షపాతాన్ని, ధరల హెచ్చుతగ్గులను, రోగి గుండె చప్పుడును సైతం రేఖాచిత్రాలుగా చూస్తున్నాం. వాటన్నిటికీ మూలం సంఖ్యకూ ఆకృతికీ కుదిరిన ఆ చెలిమి. ఎక్కువకాలం బ్రతకడని వైద్యులు తలచిన బాలుడు ఓపికతో ఆలోచించి, కంటికి కనిపించని సంబంధాలను కంటికి చూపాడు. కఠినమైన సమస్య ఎదురైనపుడు బెదరక దానిని భాగాలుగా విభజించి, సులభమైన దానితో ప్రారంభించి, చివర సరిచూసుకోవడం ఆయన నేర్పిన విద్య. అది గణితానికే గాక జీవితానికి కూడా అన్వయించే మార్గం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రేఖాగణితానికి, బీజగణితానికి డెకార్ట్ కల్పించిన అనుబంధాన్ని సోదాహరణంగా వివరించండి.
2. డెకార్ట్ జీవితంలోని కష్టనష్టాలను, వాటి మధ్య సాగిన ఆయన కృషిని తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బీజగణితంలో భారతీయుల కృషిని తెలపండి.
2. 1633లో డెకార్ట్ తన గ్రంథ ప్రచురణను ఎందుకు విరమించుకొన్నాడు?
3. రేఖీయ సమీకరణాల విషయంలో ఫెర్మా చేసిన కృషి ఎట్టిది?
4. మగ్గాన్ని నిరూపక తలంతో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. డెకార్ట్ ఎప్పుడు, ఎక్కడ జన్మించాడు?
2. గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన కవి ఎవరు?
3. డెకార్ట్ తన 1644 నాటి గ్రంథాన్ని ఎవరికి అంకితమిచ్చాడు?